పసుపు, విటమిన్ బిళ్లలు క్యాన్సర్‌ను ఆపుతాయా..? ల్యాబ్‌లో ఒకటి.. మనుషుల్లో మరొకటి.. అసలు నిజం ఇదీ!

పరగడుపున పచ్చి పసుపు, వేపాకు తింటే క్యాన్సర్ దరిచేరదని ఒక వీడియో. ఫలానా క్యాప్సూల్‌లో యాంటీ ఆక్సిడెంట్లు ఫుల్‌గా ఉన్నాయి, అవి కణాలను కాపాడతాయని ఇంకో యాడ్. ఫోన్ తెరిస్తే చాలు.. ఇలాంటివి రోజుకు ఒకటో రెండో కళ్ల ముందుకు వస్తూనే ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే ఇక చెప్పక్కర్లేదు. బంధువులు, ఇరుగుపొరుగు తలా ఒక మందు చెబుతారు.

మరి ఇందులో నిజమెంత? పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం. ఎందుకంటే జన్యువులు దెబ్బతినకుండా అడ్డుపడే పదార్థాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో కొన్నింటిపై మన హైదరాబాద్‌లోనే పరిశోధనలు జరిగాయి. అలాగని పూర్తిగా నిజమనీ చెప్పలేం. ఎందుకంటే అవే పదార్థాలను బిళ్లల రూపంలో వేల మందికి ఇచ్చి చూసినప్పుడు.. కొన్నిచోట్ల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది! ఈ తేడా ఎక్కడ వచ్చింది? తెలుసుకోకపోతే జేబుకే కాదు, ప్రాణానికీ నష్టమే.

సిద్ధూ మాటలతో మొదలైన రచ్చ

2024 నవంబర్‌లో మాజీ క్రికెటర్, కాంగ్రెస్ నేత నవజ్యోత్ సింగ్ సిద్ధూ ప్రెస్‌మీట్ పెట్టారు. తన భార్య నాలుగో స్టేజ్ బ్రెస్ట్ క్యాన్సర్ నుంచి బయటపడ్డారని ప్రకటించారు. నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, తులసి తీసుకోవడం, చక్కెర మానేయడం వంటి పథ్యం బాగా పనిచేసిందని చెప్పారు. ఆ వీడియో దేశమంతా చుట్టేసింది.

వెంటనే ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి స్పందించింది. అక్కడ పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యుల పేరుతో ఒక ప్రకటన వచ్చింది. పసుపు, వేప లాంటివాటిపై పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేనని, అయితే అవి క్యాన్సర్‌ను నయం చేస్తాయని చెప్పడానికి ఇప్పటివరకు ఆధారాల్లేవని డాక్టర్లు తేల్చి చెప్పారు. నిరూపణ కాని చిట్కాలను నమ్ముకుని చికిత్సను ఆలస్యం చేయొద్దని కోరారు. ఇక్కడ మర్చిపోకూడని విషయం ఒకటుంది. సిద్ధూ భార్యకు సర్జరీ జరిగింది, కీమోథెరపీ కూడా ఇచ్చారు. పథ్యం అనేది డాక్టర్ల చికిత్సతో పాటు నడిచిందని ఆ తర్వాత సిద్ధూ కూడా వివరణ ఇచ్చారు. కానీ మొదటి వీడియో చూసినంత మంది ఆ వివరణ చూశారా? అనుమానమే.

కణంలో అసలేం జరుగుతుంది?

మన ప్రతి కణంలో డీఎన్ఏ ఉంటుంది. కణం ఎలా పనిచేయాలి, ఎప్పుడు రెండుగా విడిపోవాలి, ఎప్పుడు చనిపోవాలి అన్నది అందులో రాసి ఉంటుంది. ఆ రాతలో అక్షరం తప్పు పడితే దాన్నే మ్యుటేషన్ అంటారు. ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువుల్లో ఇలాంటి తప్పులు ఏళ్ల తరబడి ఒకదానిపై ఒకటి పోగుపడితేనే ఆ కణం అదుపు తప్పుతుంది. అందుకే చాలా క్యాన్సర్లు వయసు పైబడ్డాక కనిపిస్తాయి.

ఈ తప్పులు ఎలా పడతాయి? కొన్ని బయటి నుంచి వస్తాయి. పొగాకు పొగలోని బెంజోపైరీన్, బూజు పట్టిన వేరుశనగలో ఉండే అఫ్లాటాక్సిన్, ఎండలోని అతినీల లోహిత కిరణాలు.. ఇవన్నీ డీఎన్ఏను దెబ్బతీసేవే. కొన్ని లోపలి నుంచే పుడతాయి. మనం పీల్చే ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు వెలువడతాయి. అవి దగ్గర్లో ఏది దొరికితే దాన్ని దెబ్బతీస్తాయి, డీఎన్ఏను కూడా.

అయితే శరీరం చేతులు కట్టుకుని కూర్చోదు. ఫ్రీ రాడికల్స్‌ను చల్లార్చే ఎంజైములు, గ్లూటాథయోన్ లాంటి రక్షకులు కణంలోనే ఉంటాయి. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేసే రిపేర్ టీమ్ వేరే ఉంటుంది. రిపేర్ కుదరకపోతే పీ53 అనే ప్రొటీన్ రంగంలోకి దిగి.. ఆ కణం విడిపోకుండా ఆపుతుంది లేదా దాన్ని చంపేస్తుంది. ఈ పీ53 పేరు గుర్తుపెట్టుకోండి. కథలో మళ్లీ వస్తుంది.

బయటి నుంచి తీసుకునే యాంటీ ఆక్సిడెంట్లు ఈ రక్షణకు తోడవుతాయన్నది శాస్త్రవేత్తల ఆశ. విటమిన్ సీ, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం, పసుపులోని కర్క్యుమిన్, బ్రోకలీలోని సల్ఫోరాఫేన్.. ఇలా లిస్ట్ పెద్దదే. క్యాన్సర్ రాకముందే మందుతో, పోషకంతో అడ్డుకోవడాన్ని 1976లో మైఖేల్ స్పోర్న్ అనే అమెరికా శాస్త్రవేత్త 'కీమోప్రివెన్షన్' అని పిలిచారు. ఆ మాట అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది.

బ్యాక్టీరియాతో పరీక్ష.. పసుపు పాస్!

ఒక పదార్థం జన్యువులను దెబ్బతీస్తుందా, కాపాడుతుందా అని ఎలా తెలుస్తుంది? దీనికి 1970ల్లో అమెరికాలో బ్రూస్ ఏమ్స్ ఒక తేలికైన పరీక్ష కనిపెట్టారు. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను తీసుకుంటారు. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేట్‌లో వేస్తే అవి పెరగలేవు. అందులో అనుమానం ఉన్న రసాయనం కలుపుతారు. ఆ రసాయనం మ్యుటేషన్లు కలిగిస్తే.. కొన్ని బ్యాక్టీరియాల్లో లోపం అనుకోకుండా సరిపోయి మళ్లీ పెరగడం మొదలెడతాయి. ప్లేట్ మీద చుక్కలు లెక్కపెడితే చాలు, రసాయనం ఎంత ప్రమాదకరమో తెలిసిపోతుంది.

ఇదే పరీక్షను తిప్పి కూడా వాడొచ్చు. ప్రమాదకరమైన రసాయనంతో పాటు పసుపో, ఇంకో పదార్థమో కలిపితే చుక్కలు తగ్గాయా? తగ్గితే ఆ పదార్థం మ్యుటేషన్లను అడ్డుకుంటున్నట్టే లెక్క. ఇలాంటి పరీక్షల్లో పసుపుకి మంచి మార్కులే వచ్చాయి.

ఇక మన హైదరాబాద్ విషయానికొద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ.. అదే ఎన్ఐఎన్‌లో కమలా కృష్ణస్వామి, కల్పగం పొలాస లాంటి శాస్త్రవేత్తలు ఈ పనిని మనుషుల దాకా తీసుకెళ్లారు. 1992లో వెలువడిన స్టడీలో చాలాకాలంగా పొగ తాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాము పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చారు. పొగ తాగేవాళ్ల మూత్రంలో మ్యుటేషన్లు కలిగించే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. పసుపు తీసుకున్నాక అవి గణనీయంగా తగ్గాయి. పసుపుపై అంతర్జాతీయంగా చర్చకు వచ్చిన తొలి ఆధారాల్లో ఇదొకటి.

కానీ ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఆ స్టడీలో ఉన్నది 16 మంది. అందులో కొలిచింది మూత్రంలోని పదార్థాలను. వాళ్లలో ఎంతమందికి క్యాన్సర్ రాలేదన్నది లెక్కించలేదు. నెల రోజుల స్టడీలో లెక్కించడం సాధ్యమూ కాదు. 'పొగ తాగేవాళ్ల మూత్రంలో ఒక సూచిక తగ్గింది' అన్న మాట.. వాట్సాప్‌కి వచ్చేసరికి 'పసుపు క్యాన్సర్‌ను ఆపుతుంది' అయిపోయింది. ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంది.

శ్రీకాకుళం 'అడ్డపొగ' చెప్పిన పాఠం

ఎన్ఐఎన్ చేసిన ఇంకో పని ఉత్తరాంధ్రకు సంబంధించింది. శ్రీకాకుళం వైపు పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో 'అడ్డపొగ' అలవాటు గురించి తెలుగువాళ్లకు చాలామందికి తెలుసు. చుట్టను వెలిగించి, మండే కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అక్కడ మచ్చలు, పుండ్లు ఏర్పడి కొందరిలో క్యాన్సర్‌గా మారతాయి.

ఇలా క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్న మచ్చలున్నవారికి విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చి చూశారు. ఇంకో గ్రూపుకు మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్స్ ఇచ్చారు. పోషకాలు అందినవారిలో మచ్చలు బాగా తగ్గాయి, నోటి కణాల్లో జన్యు నష్టం గుర్తులు కూడా తగ్గాయి. 1995లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

మరి ఇక్కడ ఎందుకు పనిచేసింది? వాళ్లు పేద కుటుంబాలవాళ్లు. తిండిలో ఈ పోషకాలు ముందే తక్కువ. ఖాళీగా ఉన్న కుండలో నీళ్లు పోస్తే నిండుతుంది. నిండుగా ఉన్న కుండలో పోస్తే..? ఆ ప్రశ్నకు జవాబు ఫిన్లాండ్‌లో దొరికింది.

ఫిన్లాండ్ షాక్.. క్యాన్సర్ 18 శాతం పెరిగింది!

కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని 1980ల నాటికే చాలా సర్వేల్లో తేలింది. వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా కనిపించింది. అంటే క్యారెట్‌కు, గుమ్మడికి ఆ నారింజ రంగునిచ్చే పదార్థం. మరి దాన్నే బిళ్లగా ఇస్తే సరిపోదా అనుకున్నారు.

ఫిన్లాండ్‌లో పొగ తాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకున్నారు. అందరూ 50 నుంచి 69 ఏళ్ల మధ్యవారే. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావారికి ఉత్తుత్తి బిళ్లలు. ఇలా 5 నుంచి 8 ఏళ్లు నడిపారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! మరణాలు కూడా 8 శాతం ఎక్కువ. శాస్త్రవేత్తలే నమ్మలేకపోయారు.

అప్పటికే అమెరికాలో ఇలాంటిదే 'కేరెట్' పేరుతో మరో ట్రయల్ నడుస్తోంది. పొగ తాగేవారు, మానేసినవారు, ఆస్బెస్టాస్ పనిలో ఉన్నవారు కలిపి 18,314 మంది. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చారు. అక్కడా అదే జరిగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరిగాయి. దాంతో అనుకున్న గడువుకు 21 నెలల ముందే 1996 జనవరిలో ట్రయల్‌ను ఆపేశారు.

పోనీ, వేరే విటమిన్‌తో? ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అడ్డుకుంటాయన్న ఆశతో 'సెలెక్ట్' పేరుతో 35,533 మంది మగవాళ్లపై విటమిన్ ఇ, సెలీనియం పరీక్షించారు. ప్రయోజనం కనిపించక 2008లో బిళ్లలు ఆపించారు. ఆ తర్వాత కూడా వారిని గమనిస్తూ వెళ్తే.. 2011లో తేలిందేంటంటే, ఒక్క విటమిన్ ఇ మాత్రమే వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

మరి దీనికి పూర్తి భిన్నంగా చైనాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి లిన్‌షియన్ అనే ప్రాంతంలో తిండిలో పోషకాలు బాగా తక్కువ. అన్నవాహిక, కడుపు క్యాన్సర్లు చాలా ఎక్కువ. దాదాపు 30 వేల మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం చిన్న మోతాదుల్లో ఐదేళ్లకు పైగా ఇస్తే.. క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 1993లో వచ్చిన ఈ ఫలితం, శ్రీకాకుళం ఫలితం ఒకే మాట చెబుతున్నాయి. లోటు ఉన్నచోట భర్తీ చేస్తే మేలు. లోటు లేనిచోట భారీ డోసు పోస్తే మేలు లేదు, కొందరికి కీడు కూడా.

రక్షించేదే ఎందుకు ఎదురు తిరిగింది?

దీనికి ప్రధానంగా మూడు కారణాలు చెబుతున్నారు.

మొదటిది డోసు. క్యారెట్ తింటే వచ్చే బీటా కెరోటిన్ కొద్దిగా, వందలాది ఇతర పదార్థాలతో కలిసి వస్తుంది. బిళ్లలో ఒక్కటే, అదీ పెద్ద మొత్తంలో. పొగ తాగేవారి ఊపిరితిత్తుల్లో ఆ అధిక బీటా కెరోటిన్ పొగ వల్ల విరిగిపోయి, హాని చేసే ముక్కలుగా మారుతుందని జంతువులపై పరిశోధనల్లో కనిపించింది.

రెండోది, ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. క్రిములను చంపడానికి మన తెల్ల రక్తకణాలు వాడేది వాటినే. దెబ్బతిన్న కణానికి 'ఇక చాలు, చచ్చిపో' అని సంకేతం ఇవ్వడంలోనూ వాటికి పాత్ర ఉంది. అన్నింటినీ చల్లార్చేస్తే ఆ సంకేతం కూడా ఆగిపోవచ్చు.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. యాంటీ ఆక్సిడెంట్‌కు మంచి కణం, చెడు కణం అన్న తేడా తెలియదు. క్యాన్సర్ కణం కూడా ఫ్రీ రాడికల్స్ ఒత్తిడిలోనే బతుకుతుంది. మనం వేసుకున్న బిళ్ల దానికీ గొడుగు పడుతుంది. 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల్లో చిన్న కణితులున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చి చూశారు. కణితులు వేగంగా పెరిగాయి, ఎలుకలు త్వరగా చనిపోయాయి. కారణం.. డీఎన్ఏ నష్టం తగ్గడంతో మనం ఇందాక చెప్పుకున్న పీ53 నిద్రపోయింది. కాపలాదారుకు దొంగ వచ్చిన అలికిడే వినిపించలేదు. ఇది ఎలుకల్లో జరిగిన స్టడీ. కానీ ఫిన్లాండ్ ట్రయల్‌లో ఏం జరిగి ఉంటుందో అర్థం చేసుకోవడానికి ఒక దారి చూపింది. ఎన్నో ఏళ్లు పొగ తాగిన 60 ఏళ్ల మనిషి ఊపిరితిత్తుల్లో బయటపడని చిన్న కణితి అప్పటికే ఉండే అవకాశం ఎక్కువ కదా!

చికిత్సలో ఉన్నవాళ్లకు డబుల్ రిస్క్

కీమోథెరపీ మందుల్లో కొన్ని, రేడియేషన్.. ఇవి క్యాన్సర్ కణాల్లో ఫ్రీ రాడికల్స్ పుట్టించి, డీఎన్ఏను దెబ్బతీసి వాటిని చంపుతాయి. అదే సమయంలో పెద్ద డోసు యాంటీ ఆక్సిడెంట్ వేసుకుంటే ఏమవుతుంది? ఒకపక్క నిప్పు పెడుతూ ఇంకోపక్క నీళ్లు చల్లినట్టే. అమెరికాలో బ్రెస్ట్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిపై 2020లో వచ్చిన ఒక స్టడీలో.. కీమోకు ముందు, కీమో సమయంలో యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్లు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అలా వాడినవారి సంఖ్య తక్కువ కాబట్టి దీన్ని తుది తీర్పుగా తీసుకోలేం. కానీ డాక్టర్‌కు చెప్పకుండా వేసుకోకూడదు అనడానికి ఇది చాలు.

ఇంకా పెద్ద ప్రమాదం ఏంటంటే అసలు చికిత్సనే మానేయడం. నయం చేయగల దశలో ఉండి కూడా సర్జరీ, కీమో, రేడియేషన్ వద్దనుకుని ప్రత్యామ్నాయ పద్ధతులు మాత్రమే ఎంచుకున్నవారిని అమెరికాలోని యేల్ పరిశోధకులు పరిశీలించారు. చికిత్స తీసుకున్నవారితో పోలిస్తే వారికి మరణం ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని 2018లో తేల్చారు. మొదటి స్టేజ్‌లో దొరికిన గడ్డ నాలుగు నెలలు పసరు మందు వాడాక మూడో స్టేజ్‌లో ఆసుపత్రికి రావడం.. మన క్యాన్సర్ డాక్టర్లు తరచూ చెప్పే బాధ ఇదే.

మరి నిజంగా పనిచేసినవి లేవా?

ఉన్నాయి. అయితే ప్రతిదానికీ ఒక షరతు ఉంది. చూడండి..

* టామోక్సిఫెన్: బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 13,388 మంది మహిళలపై అమెరికాలో పరీక్షించారు. 1998లో వచ్చిన ఫలితాల్లో క్యాన్సర్ దాదాపు సగం తగ్గింది. కానీ గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి దుష్ప్రభావాలు పెరిగాయి. అందుకే అందరికీ ఇవ్వరు.
* ఆస్పిరిన్: లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. వాళ్లలో రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రెండేళ్లకు పైగా వాడితే, కొన్నేళ్ల తర్వాత ఆ క్యాన్సర్ తగ్గినట్టు 2011లో తేలింది. కడుపులో రక్తస్రావం ముప్పు ఉంటుంది కాబట్టి సొంతంగా వాడేది కాదు.
* నికోటినమైడ్: విటమిన్ బీ3లో ఒక రకం. ఎండకు దెబ్బతిన్న డీఎన్ఏ రిపేర్‌కు సాయపడుతుంది. ఆస్ట్రేలియాలో అప్పటికే చర్మ క్యాన్సర్లు వచ్చిన 386 మందికి ఏడాది ఇస్తే కొత్తవి 23 శాతం తగ్గాయి. ఆపేయగానే ప్రయోజనం పోయింది.
* క్లోరోఫిలిన్: ఆకుపచ్చ రంగు పదార్థం నుంచి తయారైనది. చైనాలోని చీడాంగ్‌లో అఫ్లాటాక్సిన్ బెడద ఉన్న 180 మందిపై పరీక్షించారు. దీన్ని తీసుకున్నవారిలో డీఎన్ఏకు అఫ్లాటాక్సిన్ అతుక్కున్న గుర్తులు 55 శాతం తగ్గాయని 2001లో ప్రకటించారు. అయితే ఇదీ సూచికే, క్యాన్సర్ తగ్గిందన్న లెక్క కాదు.

గమనించారా? పనిచేసిన ప్రతిచోటా ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది పక్కాగా ఉంది. 'అందరూ రోజూ వేసుకోండి' అన్నది ఒక్కటీ లేదు. అమెరికా నిపుణుల సంఘం యూఎస్‌పీఎస్‌టీఎఫ్ 2022లో ఇంకో అడుగు ముందుకేసింది. క్యాన్సర్, గుండెజబ్బులు రాకుండా బీటా కెరోటిన్, విటమిన్ ఇ బిళ్లలు వేసుకోవద్దనే సూటిగా చెప్పింది.

పసుపు సంగతేంటి? కూరలో వేసుకోవచ్చా?

నిక్షేపంగా వేసుకోవచ్చు. పప్పులో, కూరలో, పాలలో వేసుకునే పసుపుతో ఇబ్బంది లేదు. తేడా అంతా క్యాప్సూల్స్‌తోనే. పసుపులో కర్క్యుమిన్ కొద్ది శాతమే ఉంటుంది. పైగా అది రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. అందుకే ల్యాబ్ ప్లేట్‌లో చూపించిన బలం మన శరీరంలో కనిపించదు. దీన్ని అధిగమించడానికి కంపెనీలు గాఢమైన కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరీన్ కలుపుతున్నాయి. పైపరీన్ కలిపితే కర్క్యుమిన్ ఎన్నో రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అయితే అది ఇతర మందుల శోషణను కూడా మార్చగలదు. ఇలాంటి సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి.

ఇంకో మాట. పసుపు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ బంగ్లాదేశ్‌లో 2019లో పెద్దఎత్తున బయటపడింది. సీసం విషం, క్రోమేట్ క్యాన్సర్ కారకం. ఆరోగ్యం కోసం కొన్న పసుపులో అదే ఉంటే ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది? అందుకే విడి పొడి కన్నా కొమ్ములు కొని ఆడించుకోవడం మేలు.

జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డులకు వచ్చే పంటకు రంగు, రుచి, కర్క్యుమిన్ శాతం చాలు.. మంచి ధర తేవడానికి. 'క్యాన్సర్ మందు' అన్న ట్యాగ్ అక్కర్లేదు. పైగా అలా ప్రచారం చేయడం చట్టరీత్యా కూడా కుదరదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్‌ను నయం చేస్తామని, రాకుండా ఆపుతామని మందుల ప్రకటనలు ఇవ్వడం నేరం. ఆహార సప్లిమెంట్ల డబ్బా మీద 'వైద్య అవసరాలకు కాదు' అని రాయాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఈసారి కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఆశ, వెనక చిన్న అక్షరాల్లో అసలు విషయం.

జన్యువులను కాపాడే అసలు మందు ఇదీ..

దెబ్బతిన్నాక అతికించే బిళ్ల కోసం వెతకడం కన్నా, దెబ్బ తగలకుండా చూసుకోవడమే తేలిక. ఖర్చూ తక్కువ.

* పొగాకు మానండి. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 28.6 శాతం మంది పెద్దలు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా.. ఏదైనా ఒకటే. పొగ తాగుతూ విటమిన్ బిళ్ల వేసుకుంటే ఏమవుతుందో ఫిన్లాండ్ చూపించింది. మానాలనుకునేవారికి జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 1800-11-2356 ఉంది.
* బూజు పట్టినవి పారేయండి. పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిర్చి తడి తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ చేరుతుంది. అది లివర్ క్యాన్సర్ కారకం. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. రంగు మారిన, ముడుచుకున్న, చేదుగా ఉన్న గింజలను ఏరి పారేయాలి. బాగా ఎండబెట్టి, తేమ తగలని చోట దాచాలి.
* టీకాలు వేయించండి. హెపటైటిస్ బీ టీకా లివర్ క్యాన్సర్ ముప్పును, హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తగ్గిస్తాయి. హెచ్‌పీవీ టీకాకు 9 నుంచి 14 ఏళ్ల వయసు సరైన సమయం. క్యాన్సర్‌ను ముందే ఆపడంలో ఏ యాంటీ ఆక్సిడెంట్‌కూ లేనంత బలమైన ఆధారం వీటికి ఉంది.
* మద్యం తగ్గించడం కాదు, మానేస్తే ఇంకా మంచిది. మద్యం శరీరంలో అసిటాల్డిహైడ్‌గా మారి డీఎన్ఏను నేరుగా దెబ్బతీస్తుంది.
* పళ్లెంలో రంగులు పెంచండి. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని డబ్ల్యూహెచ్ఓ సూచన. తోటకూర, గోంగూర, మునగాకు, జామ, ఉసిరి, గుమ్మడి.. ఖరీదైన క్యాప్సూల్‌లో ఉన్నవన్నీ మన రైతుబజార్‌లోనే దొరుకుతాయి.
* 30 దాటితే పరీక్షలు చేయించుకోండి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో జరుగుతుంది. నోట్లో మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ రెండు వారాలకు మించి ఉంటే ఆగొద్దు.

ఇంట్లో పేషెంట్ ఉంటే ఏం చేయాలి?

ఎవరు ఏ పొడి ఇచ్చినా, ఏ క్యాప్సూల్ తెచ్చినా ముందు ఆ డబ్బాను క్యాన్సర్ డాక్టర్ ముందు పెట్టండి. 'ఆయుర్వేదమే కదా, సహజమే కదా, ఏం కాదులే' అని దాచిపెట్టకండి. డాక్టర్ తిడతారేమోనన్న భయంతో చాలామంది చెప్పరు. కానీ రక్తపరీక్షలో లివర్ రిపోర్ట్ తేడా వస్తే, అది కీమో వల్లో మీరు చెప్పని పొడి వల్లో డాక్టర్‌కు ఎలా తెలుస్తుంది? అనవసరంగా కీమో ఆపాల్సి రావచ్చు.

డబ్బుల్లేక చిట్కాల వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్లు తెలుసుకోవాల్సింది ఏంటంటే.. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోనే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి నడుస్తోంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలకు కవరేజీ ఉంది. నెలకు వేల రూపాయలు పోసి సప్లిమెంట్లు కొనే ముందు అక్కడికి వెళ్లి అడగండి.

ఇక మీ ఫోన్‌కి 'ఇది తింటే క్యాన్సర్ మాయం' అన్న వీడియో మళ్లీ వస్తుంది. తప్పకుండా వస్తుంది. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ప్లేట్‌లో తేలిందా, ఎలుకల్లో తేలిందా, మనుషుల్లో తేలిందా? కొలిచింది క్యాన్సర్‌నా, లేక ఏదో ఒక సూచికనా? ఎంతమందికి, ఎంత డోసు, ఎన్నాళ్లు ఇచ్చారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. ముఖ్యంగా చికిత్సలో ఉన్నవాళ్లకు అస్సలు పంపకండి.